బిగించిన స్క్రూ

బహ్రెయిన్‌లో మనామా నుంచి బుదైయా వెళ్లే బస్సులో, నా చేతిలో తుపాకుల గురించిన లైబ్రరీ పుస్తకం చూసి పక్కసీటు పెద్దాయన మాట కలిపాడు. జగిత్యాల వైపు మనిషి. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, తోటలో పని. కఫీల్ తండ్రి వాడిన పాత లీవర్ రైఫిల్‌ను ఆయనే తుడుస్తాడట.

"మొదటి గుండు సక్కగ పోతది తమ్మీ. నాలుగైదు కొట్టినంక పైకి పోతది. నేనే ఖరాబ్ చేసిన్నని కఫీల్ అంటుండు. రేపు మళ్ల కొట్టి చూస్తడట. తప్పితే నన్ను ఇంటికి పంపుతడట."

నేను గర్వంగా పేజీ తీశాను. "స్క్రూలు వదులైతే గురి తప్పుతుందన్నా. అన్నీ బిగించు."

"తుడిచినప్పుడల్ల బలంగ బిగిస్తనే ఉన్న. నీ బుక్కుల ఇంకేమన్న ఉందా?"

నేను అదే పేజీని మళ్లీ చదివాను. ఎండకు ఉబ్బిన నా మణికట్టును వాచీ పట్టీ నొక్కేస్తోంది. ఆయన అది చూసి, పట్టీని ఒక రంధ్రం వదులు చేశాడు. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"కొట్టంగ కొట్టంగ తుపాకి గొట్టం గూడ వేడికి సాగుతది గద తమ్మీ? దాని కింది కట్టెను పట్టే స్క్రూను గొంతు పిసికినట్టు బిగించిన. సాగే జాగ లేక పైకి వంగుతున్నట్టుంది."

ఆ సంగతి నా పుస్తకంలో రెండు పేజీల తర్వాత ఉంది. నేను అంతదాకా చదవలేదు.

బుదైయాలో ఆయన దిగిపోయాడు. ఉద్యోగం నిలిచిందో లేదో నాకు తెలియదు. ఆ పట్టీని నేను మళ్లీ బిగించలేదు.