పావు వంతు నీళ్లు

మా ఆవిడను సాగనంపి, కాలవలో మునిగి, తడిబట్టలతో ఇంటికి వచ్చేసరికి వాకిట్లో బిందెలన్నీ బోర్లించి ఉన్నాయి. శవం లేచిన ఇంట్లో నిలవ నీళ్లు ఉంచరు. తాగే నీళ్ల క్యాను, ఫ్రిజ్‌లో సీసాలు, పెరట్లో నీలం డ్రమ్ము, అన్నీ ఖాళీ చేసి ఇల్లు కడిగేశారు. మా మేనత్త దగ్గరుండి చేయించింది. ఒక్కచోట మాత్రం ఆగింది. హాల్లో కిటికీ పక్కనున్న అక్వేరియం ముందు బకెట్టు పెట్టుకుని, నేను వచ్చేదాకా అలాగే నిలబడింది.

"ఇవి కూడా పారబొయ్యాలి అబ్బాయ్. చేపల్ని ఏ గిన్నెలోనో వేద్దాం," అంది.

"వద్దు."

"పోయిన మనిషి నీడ నీళ్లల్లో ఉండిపోద్దంటార్రా."

"ఉంటే ఉండనీ."

నాకు మొదటినుంచీ ముక్కుమీదే కోపం. ఆ రోజు కూడా ఏడుపు కంటే ముందు అదే వచ్చింది. ఇంట్లో మా ఆవిడ చేతితో నింపిన నీళ్లు ఇంకెక్కడా లేవు. అన్నీ వాకిట్లో పారిపోయి అప్పటికే ఆరిపోతున్నాయి. ఆ గాజుతొట్టిలో ఉన్నవే మిగిలాయి. వాటి మీద ఎవరైనా చెయ్యి వేస్తే మర్యాద దక్కదని చుట్టాలందరి ముందూ అరిచాను.

మా ఆవిడది నరసాపురం. చేపలు పట్టుకుని బతికే ఇల్లు. మాది మండపేటలో వ్యవసాయం. మా పెళ్లికి రానివాళ్లలో ఈ అత్త కూడా ఉంది. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ ఈ తొట్టి కొనిపించినప్పుడు మావాళ్లు ఒకటే నవ్వు. నేనూ ఏడిపించాను, మీ ఇంట్లో చేపను పులుసులో తప్ప ఎక్కడైనా చూశారా అని. "మా నాన్న తెచ్చినవన్నీ చచ్చినవేనండి. బతికున్నవాటిని రోజూ చూసుకోవాలని నాకు చిన్నప్పట్నుంచీ ఉంది," అంది. ఆ తర్వాత మళ్లీ నవ్వలేదు నేను.

మాది మిల్లుల ఊరు. ఊక బూడిద కిటికీలోంచి వచ్చి పడుతుంది. గోదావరికి వరదొస్తే కుళాయి నీళ్లు ఎర్రగా దిగుతాయి. అయినా ఆ తొట్టిలో నీళ్లు ఎప్పుడూ అద్దంలా ఉండేవి. ఆవిడ ముందురోజే డ్రమ్ములో నీళ్లు పట్టి, మట్టి పేరుకుని బ్లీచింగు వాసన పోయేదాకా ఉంచేది. ఆదివారం పొద్దున తొట్టిలోంచి పావు వంతు నీళ్లు గొట్టంతో బకెట్లోకి దించి, ఫిల్టరులోని స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే పిండేది. ఒకసారి సాయం చేద్దామని నేను దాన్ని కుళాయి కింద పెట్టబోతే పరిగెత్తుకొచ్చి లాక్కుంది.

"అయ్యో, చంపేస్తారేంటండీ! దీన్లో కంటికి కనపడనివి ఉంటాయి. చేపల మలినాన్ని అవే తింటాయి. కుళాయి నీళ్లు తగిలితే చచ్చిపోతాయి. నీళ్లు కూడా అంతేనండి. మొత్తం మార్చేస్తే చేపలు తట్టుకోలేవు."

ఈ మాటలే ఆ రోజు అత్త మీద అరుస్తూ అప్పజెప్పాను. పావు వంతు కంటే తియ్యకూడదని, అదీ చూసి తియ్యాలని. అత్త అంతా విని, "అయితే ఇక మీదట అది తీసి పోసేదెవరు?" అని అడిగింది. "నేనే," అన్నాను. అత్త బకెట్టు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

దినం దాకా ఇల్లు జనంతో నిండి ఉంది. పరామర్శకు వచ్చినవాళ్లకు నాతో ఏం మాట్లాడాలో తెలియదు. చేపల దగ్గరికి వెళ్లి నిలబడేవారు. పక్కనే ఉన్న డబ్బాలోంచి మేత తీసి చిటికెడు వేసేవారు. వచ్చిన ప్రతివాళ్లూ వేశారు. ఎవర్నీ వద్దనలేకపోయాను. తిన్నది తినగా మిగిలింది అడుగున కుళ్లింది. స్పాంజి పూడుకుపోయి ఫిల్టరులోంచి నీళ్లు సన్నగా రావడం మొదలైంది. తొట్టి బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడింది. ఆదివారం వచ్చింది, వెళ్లింది. డ్రమ్ము నింపి పెట్టుకున్నాను గానీ తొట్టి మీద చెయ్యి వెయ్యలేదు.

దినం అయిన మర్నాడు చుట్టాలు వెళ్లిపోయారు, అత్త ఉండిపోయింది. పొద్దున్నే కాఫీ పట్టుకొచ్చి తొట్టి వైపు చూసింది. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

"ఏంటబ్బాయ్, అవి అలా చేస్తున్నాయి?"

"నీళ్లు చెడిపోయాయత్తా."

"మరి మార్చవేం?"

"తీస్తే తను పోసిన నీళ్లు పోతాయి," అన్నాను.

అత్త కాఫీ గ్లాసు కిటికీలో పెట్టి, వెళ్లి బకెట్టు తెచ్చింది. అదే బకెట్టు.

"పావు వంతేగా పోయేది. ఆ రోజు నా మీద అంతలా అరిచి చెప్పావు. మిగతావి ఉంటాయిగా నాన్నా. చేపలు పోతే ఆ నీళ్లు ఉండి ఏం లాభం? కానియ్యి, నేను పట్టుకుంటాను."

నీళ్లు దిగాలంటే ముందు నోటితో గొట్టం పీల్చాలి. ఆవిడ ఎంత అనాయాసంగా చేసేదో గానీ, నాకు నోటినిండా నీళ్లొచ్చేశాయి. ఉమ్మబోయి ఆగిపోయాను. బకెట్టు నిండుతుంటే స్పాంజి తీసి పిండాను. ముదురు గోధుమరంగు బురద దిగింది. ఎండుతున్న కాలవ గట్టు వాసన. ఆదివారాలు ఆవిడ చేతులకు ఉండే వాసన అదే. సబ్బు పెట్టి కడుక్కోవచ్చు కదా అని విసుక్కునేవాణ్ణి. అక్కడే కింద కూలబడి ఏడ్చాను, ఆవిడ పోయాక మొదటిసారి. అత్త నా తల మీద చెయ్యి వేసి నిలబడింది.

తర్వాత ఆ బకెట్టు ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. తూములో పోస్తుందనుకున్నాను. మా ఆవిడ పెంచిన కనకాంబరం కుండీల దగ్గర ఆగి, చుక్క కింద పడకుండా మొదళ్లలో పోసింది.

ఇప్పుడు తొట్టిలో నీళ్లు మళ్లీ తేటగానే ఉన్నాయి. వారం వారం పావు వంతు పోతూనే ఉంది. ఆవిడ పోసినవి ఎన్ని మిగిలాయని నేను లెక్క వెయ్యను. ఆదివారం పొద్దున అత్త ఫోను చేస్తుంది. తిన్నావా అని అడగదు, ఎలా ఉన్నావనీ అడగదు.

"నీళ్లు మార్చావా? మొత్తం తీసెయ్యకురోయ్," అంటుంది.