దూదికి చప్పుడుండదు

నా చిన్నప్పుడు మా బళ్ళో నల్లబల్ల మీది అక్షరాలు నాకు కనపడేవి కావు. బడి వెనక రేగిచెట్టు మీద మాగిన కాయ మాత్రం కిటికీలోంచే కనపడేది. "కండ్లు మసక సార్" అని చెప్పి వెనక వరుస నుంచి ముందు వరుసకూ, ముందు వరుస నుంచి ఇంటికీ అంచెలంచెలుగా చదువు ముగించుకున్నవాణ్ణి నేను. పుస్తకాల చదువు అంటకపోయినా ఆ ఒక్క విద్యలో నాకు సాటి లేరు. అందుకే ఇంకెవరైనా కనపడదంటే నమ్మేవాణ్ణి కాను. దొంగకు దొంగ తెలియడా?

మాది నందికొట్కూరు పక్కన ఒక పల్లె. తీసిన పత్తిని లారీకెత్తేదాకా నడిమింట్లో కుప్ప పోసుకునేవాళ్ళం. కాపలాకని మా నాయన పక్కవీధి పెద్దాయన దగ్గర నుంచి ఒక కుక్కపిల్లను తెచ్చాడు. నల్లగా ఉన్నందుకు కర్రోడని పేరు పెట్టాం. పగలంతా వాడు తూనీగల వెంట గంతులేసేవాడు. పొద్దు వాలితే మాత్రం వేరే కుక్కయిపోయేవాడు. నీళ్ళతొట్టికి గుద్దుకునేవాడు. అరుగు దిగడానికి కాలు చాపి, నేల ఉందో లేదో అన్నట్టు వెనక్కి తీసుకునేవాడు. లాంతరు వెలుగు పడితే ఆ కండ్లు పచ్చగా మండేవి.

ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో అనుమానం. కుక్కపిల్లను చూసి ఎదురింటామె "ఎంత ముద్దుగుండాదో" అందట, ఆ దిష్టే తగిలిందని మా అమ్మ రోజూ ఉప్పూ మిరపకాయలూ తిప్పేసేది. పెద్దాయన మంచి పిల్లలను దాచుకుని చెడ్డదాన్ని అంటగట్టాడని మా నాయన అనుమానం. వీధిలో ఆయన ఎదురైతే మొహం తిప్పుకునేవాడు. నాకేమో కుక్క మీదే. అంతగా మెరిసే కండ్లకు కనపడకపోవడమేమిటి? కాపలా తప్పించుకోవడానికి వాడు నా విద్యే నేర్చాడని గట్టిగా నమ్మాను.

ఒక మాపటేళ నాయన చూస్తుండగా రొట్టెముక్క విసిరాను. కర్రోడు నేలకు ముక్కు రాసుకుంటూ పోయి నేరుగా దాన్ని అందుకున్నాడు.

"చూస్తివా నాయనా? రొట్టె కనపడతాది, తొట్టి కనపడదంట! అంతా నాటకం."

"రేపు పత్తికి లారీ వస్తాది గదా, డ్రైవరుకిచ్చి పంపిస్తా. యాడన్నా సంతలో దించేసి పోతాడులే," అన్నాడు నాయన.

నేను గెలిచాననుకున్నాను. కర్రోడు రొట్టె తినేసి వచ్చి నా పాదాల మీదే తల పెట్టుకుని పడుకున్నాడు.

అరుగు మీద దీపానికి వత్తులు చేసుకుంటున్న మా జేజి, అంటే మా నాయనమ్మ, ఇదంతా చూసింది. మరునాడు మిట్టమధ్యాహ్నం కర్రోణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాడి మొహం ముందు ఒక దూది తునకను జారవిడిచింది. వాడి కండ్లు దాని వెంటే దిగాయి. నేల తాకకముందే నోట కరుచుకున్నాడు.

పొద్దు గుంకే వేళకు లారీ వచ్చింది. మనుషులు పత్తి ఎత్తుతున్నారు. నాయన కర్రోడి మెడకు తాడు కట్టాడు. "రవ్వంతసేపు ఉండప్పా" అంటూ జేజి మళ్ళీ అదే దూదిని అంతే దగ్గరగా వదిలింది. ఆ తెల్లటి తునక వాడి ముక్కు ముందు నుంచే తేలుతూ తేలుతూ నేలకు దిగింది. కండ్లు మెరుస్తూనే ఉన్నాయి గానీ కదల్లేదు.

"రొట్టెకు వాసనుంటాది. పడితే చప్పుడుంటాది. దూదికి ఆ రెండూ ల్యావు," అంది జేజి. "దీనికి రేచీకటప్పా. పొద్దు గుంకితే చూపానదు."

నాయన అనుమానం తగ్గకపోగా పెరిగింది. "అయితే ఆయప్ప తెలిసే అంటగట్టినాడు!" అని లేచాడు. జేజి చెంగున ఇంత దూది ముడేసుకుని తానూ బయలుదేరింది. వాళ్ళ వెనకాల నేను. పెద్దాయన ఇంట్లో తల్లికుక్క గడప లోపలే పడుకుని ఉంది. జేజి దాని ముందు దూది వదిలింది. అదీ చూడలేదు. మళ్ళీ వదిలింది. ఊహూఁ.

పెద్దాయన తెల్లబోయాడు. "మాపటేళయితే గడప దిగదు. ఒట్టి సోమరిదనుకుంటి గదమ్మా, శానా తిట్టినా దీన్ని," అంటూ వంగి దాని తల నిమిరాడు.

తల్లి చూపే పిల్లకు వచ్చింది. అందులో దిష్టీ లేదు, మోసమూ లేదు, నాటకమూ లేదు. నాయన ఇంటికొచ్చి కర్రోడి మెడలో తాడు విప్పేశాడు. లారీ పత్తితోనే వెళ్ళిపోయింది.

అంతటితో ఆగిందా? జేజి లాంతరు దగ్గరికి జరుపుకుని నా ముందు కూడా ఒక తునక వదిలింది. నా కండ్లు నా మాట వినకుండా దాని వెంటే పోయాయి. నాయన చూడనే చూశాడు. తెల్లారి బడికి పోక తప్పలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో తొట్టి గానీ మంచం గానీ పెట్టిన చోటి నుంచి జరగలేదు. పోనుపోను కర్రోడికి పగటి చూపూ తగ్గింది. అడుగుల చప్పుడైతే చాలు, వాసన అందేదాకా మా నాయనను కూడా వాకిట్లోనే నిలబెట్టి అరిచేవాడు.

ఇప్పటికీ ఎవరైనా తమవల్ల కాదంటే, నాలోని ఆ పాత దొంగ "నాటకం" అని ముందు గొణుగుతాడు. అప్పుడు ఆ దూది కళ్ళ ముందు తేలుతూ దిగుతుంది. రొట్టె విసిరి తీర్పు చెప్పే నోరు కాసేపు మూసుకుంటాను.

ఆ రోజు మాత్రం అందరి ముందూ పరువు పోయిన ఉక్రోషం ఆపుకోలేక జేజి మీదికి పోయాను. "కనపడని కుక్క కాపలాకేం పనికొస్తాది జేజీ? దానికి బువ్వ దండగ గాదా?"

జేజి వత్తి పేనుతూ తలెత్తకుండానే అంది: "కండ్లుండీ కనపడదనేటోడికి ఇన్నాళ్ళూ పెడితిమి గదప్పా. నిజంగా కనపడనిదానికి పెట్టలేమా?"