బోర్డక్క ముక్కు

బోర్డక్క సర్క్యూట్ బోర్డును వాసన చూసి రోగం చెప్పేస్తుందని నీటి శాఖలో చిన్నా పెద్దా అందరూ అనేవారు. ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూడటం ఆమెకు అలవాటు. ఆ గోరంతను కొండంత చేసినవాడు వ్యాన్ డ్రైవరు. "మా అక్క ముక్కు ముందు మీటర్లన్నీ దిగదుడుపే!" అని వెళ్ళిన చోటల్లా చాటేవాడు.

వర్క్‌షాపులో ఆమె బల్ల కిటికీ పక్కన ఉండేది. కాలువ గట్లమీద నిలబెట్టిన చల్లటి పెట్టెల బోర్డులన్నీ అక్కడికే వచ్చేవి. ఆ పెట్టె వేళకు పంపు తిప్పి, గొట్టంలో మిగిలిన పాత నీళ్ళు బయటికి ఊదేసి, కొత్త నీళ్ళు సీసాలో పట్టాలి. పరీక్షకు తీసుకెళ్ళేదాకా నాలుగు డిగ్రీల చలిలో దాచాలి. వేళ గుర్తుపెట్టుకునేదీ, కంప్రెసర్‌ను లేపేదీ పడుకోబెట్టేదీ అరచేయంత బోర్డే.

"పెట్టెకి అదే ఇల్లాలు. అది కునుకు తీస్తే ఇల్లంతా పస్తే," అనేది బోర్డక్క.

ఆ వానాకాలం చివరి గట్టు పెట్టె ఆమెను ఏడిపించింది. సీసాల్లో నీళ్ళు చల్లగా ఉండటం లేదని పరీక్షల గదివాళ్ళు తిప్పి పంపారు. ఆమె బోర్డు విప్పి చూస్తే బాగానే ఉంది. బిగించి పంపితే మళ్ళీ అదే ఫిర్యాదు. బల్లమీద బంగారం, గట్టుమీద ఇత్తడి.

ఇంజనీరు మంచివాడే, కానీ విసిగిపోయాడు. "ఇంకొక్కసారి తిరిగొస్తే రిపేర్లు ఆపేసి కొత్తవే కొందామమ్మా. నిన్ను స్టోరుకు మారుస్తాను."

స్టోరంటే చీపుళ్ళూ బకెట్లూ అందించే పని. బోర్డక్క బోర్డు చేతపట్టుకుని తిన్నగా వ్యాను దగ్గరికి నడిచింది.

"ఎక్కడికక్కా? పెట్టెను వాసన చూడటానికా?"

"ముందు నీ నోరు మూయటానికి. ఎక్కు."

గట్టుమీద బోర్డు బిగించి, పెట్టెలో గాజు థర్మామీటరు పెట్టి మూత వేసింది. కాసేపాగి చూస్తే గాజులో పద్నాలుగు, పెట్టె తెరమీద నాలుగు. కంప్రెసర్ హాయిగా నిద్రపోతోంది. చలిని కొలిచే సెన్సర్ ప్లగ్గును బొటనవేలితో నొక్కింది. తెరమీది అంకె ఎగిరి పద్నాలుగు దగ్గర కూర్చుంది. కంప్రెసర్ గుర్రుమంది.

ప్లగ్గు లాగి, పిన్నులను ఏటవాలు వెలుగులో పెట్టి వంగి చూసింది. సన్నని మెరుపు. తన వార్నిషే. తేమ పట్టకుండా బోర్డులకు వార్నిష్ పూయటం ఈ వానలకే మొదలుపెట్టింది. కుంచె కాస్త జారి పిన్నులకూ పూసింది. ఆ సెన్సర్ చల్లబడేకొద్దీ కరెంటుకు ఎక్కువ అడ్డుపడుతుంది. వార్నిష్ కూడా అడ్డం పడేసరికి అదంతా చలే అనుకుంది బోర్డు. వర్క్‌షాపులో ఆమె ప్లగ్గు పెట్టకుండా వెనకవైపు టంకాలకే తీగలు తగిలించి పరీక్షించేది. అందుకే అక్కడ రోగం బయటపడలేదు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇదిగో, దొరికింది," అంది తన కుడిచేయి చూపిస్తూ.

డ్రైవరు గొంతు తగ్గించాడు. "తుడిచేసి బిగించెయ్యక్కా. సెన్సర్ పోయిందని చెబుదాం. ఎవడికి తెలుస్తుంది?"

"మిగతా పెట్టెలకీ నా కుంచే తగిలింది. అవి వేడెక్కితే ఏం చెబుతావ్?"

ఇంజనీరు ముందు ఆమె తల దించలేదు. "తప్పు బోర్డుది కాదు సార్, నా కుంచెది. ఈ వానల్లో నేను పూసినవన్నీ తెప్పించండి. పిన్నులు శుభ్రం చేసి ఇస్తాను. ఆ తర్వాత స్టోరుకు పొమ్మంటే పోతాను."

ఆయన బోర్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "స్టోరు ఎక్కడికీ పోదులే. ఇకమీదట పిన్నులకు టేపు చుట్టి పూయి."

"పరీక్ష కూడా ఇక ప్లగ్గు పెట్టే చేస్తాను సార్."

బల్ల కిటికీ పక్కనే ఉండిపోయింది. మిగిలిన వానలన్నిటా ఏ గట్టుమీద మూత తీసినా గాజులోనూ నాలుగే, తెరమీదా నాలుగే. ఆ రెండు అంకెలనూ చూడటానికి బోర్డక్క పనిగట్టుకుని వ్యాను ఎక్కేది.

"దిగీ దిగగానే వార్నిష్ వాసన పసిగట్టేసింది!" అని డ్రైవరు ఊరంతా చాటాడు.

చిన్నప్పుడు వచ్చిన పెద్ద జ్వరంతో బోర్డక్క ముక్కుకు వాసన తెలియకుండా పోయింది. ఇంట్లో పాలు మాడితే ఇప్పటికీ చెల్లెలే కేకెయ్యాలి.