అట్ట వెనక మూడు వేళ్ళు

వీధి మొత్తానికీ ఆవిడ పిన్నిగారే. ఎదురింటి మెకానిక్ వాళ్ళ తాతల నాటి కారు విప్పిన రోజు నుంచీ, తడిచేతులు తుడుచుకుంటూ పూటకోసారి షెడ్డులోకి తొంగిచూడనిదే ఆవిడకు ముద్ద దిగదు. ఓ రోజు అతను కారు తలుపులకు లోపల బిగించే అట్టలకు వార్నిష్ పూస్తున్నాడు. “కిటికీ సందుల్లోంచి వాననీళ్ళు దిగి పాత అట్టలు ఉబ్బిపోయాయి పిన్నీ. వెనకవైపంతా ఇది పట్టిస్తే ఇక చుక్క పీల్చవు. ఆరేలోపు ముట్టుకున్నావో, రేపట్నుంచి షెడ్డుకి తాళమే!” “నేనేమన్నా చంటిపిల్లనా?” అని ఆవిడ మూతి తిప్పింది. అతను చేతులు కడుక్కోవడానికి అలా వెళ్ళాడో లేదో, ఆరిందేమో చూద్దామని మూడు వేళ్ళు ఆనించింది. మూడూ అంటుకుని, తడి వార్నిష్‌లో వాటి అచ్చులు పడ్డాయి. అతను తిరిగొచ్చేసరికి చేతులు వెనక్కి దాచుకుని నిలబడింది. రేపట్నుంచి పొద్దెలా పోతుందోనని బెంగపడింది.

“అరవై ఏళ్ళొచ్చినా ఈ వేళ్ళకి బుద్ధి రాలేదురా. తాళం షెడ్డుకి కాదు, నా చేతులకి వెయ్యి,” అంది చివరికి. అతను పకపకా నవ్వాడు. “ఆరాక దానిమీదే ఇంకో పూత వేస్తాలే పిన్నీ. అది వెనకవైపు, బిగించాక ఎవరికీ కనపడదు.” ఆవిడ మొహం చిన్నబోయింది. “ఎవరికీనా?”

కారు వీధిలోకి వచ్చిన రోజు అందరూ రంగు చూసి మురిసిపోతుంటే, ఆవిడ మాత్రం ఎడమ తలుపు తడుతూ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది, “దీని వెనక నా వేళ్ళున్నాయి!”