తాతగారికి తెరుచుకోని తలుపు

ఫోన్లూ మిక్సీలూ రిమోట్లూ మొరాయిస్తే ఏం చెయ్యాలో పత్రికలో పాఠకులకు జవాబులు రాసే ఆవిడను ఆఫీసులో అందరూ మీటల మేడమ్ అంటారు. ఆవిడ చేతిసంచీలో దువ్వెనా స్క్రూడ్రైవరూ ఒకే అరలో ఉంటాయి. ఎంత వెర్రి ప్రశ్న వచ్చినా నవ్వదు, స్వయంగా చేసి చూడందే జవాబు రాయదు. రిమోట్ దుప్పట్లోంచి పనిచేస్తుందా అని ఎవరో అడిగితే, దానిమీద ఇంట్లోని దుప్పట్లన్నీ ఒక్కొక్కటే కప్పుతూ, ఎన్నో దుప్పటికి టీవీ మాట వినడం మానేసిందో మొగుడి చేత లెక్కపెట్టించింది.

ఒకసారి ఒక పెద్దాయన ఉత్తరం రాశాడు: "ఆస్పత్రిలో అద్దాల తలుపు అందరికీ దానంతటదే తెరుచుకుంటుంది. నాకు తెరుచుకోదు. అసలు నేను ఉన్నానా, పోయానా?" ఆవిడ మర్నాడే ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, ఆయన్ని ఆస్పత్రికి వెంటబెట్టుకెళ్లింది. ఆయన మనిషి పొట్టి, నడక నత్తనడక. తలుపు నిజంగానే కదల్లేదు.

"పైన చిన్న కన్నుంది బాబాయిగారూ. గట్టిగా కదిలితేనే అది చూస్తుంది. చేతులు ఊపండి."

ఆయన రెండు చేతులూ ఎత్తి ఊపాడు. తలుపు తెరుచుకుంది. ఆయన లోపలికి వెళ్లకుండా వెనక్కి వచ్చి మళ్లీ ఊపాడు. నాలుగోసారికి కాపలావాడు కసిరాడు.

"ఏంటి తాతా, ఈ ఆటలు?"

"ఉండవయ్యా! అది నన్ను కూడా చూస్తోంది!"

ఆ వారం పత్రికలో జవాబు పొట్టిగా వచ్చింది: "ఉన్నారు. స్వయంగా చూసి వచ్చాను. చేతులు ఊపుతూ ఉండండి."