మెరిసే రేకు మీద మైనస్ మూడు

“నీ గన్నుకి సచ్చినోడు తెలుత్తాడేటి పాపా?” అని ఒకప్పుడు అడిగాడు కూలీ గవర్రాజు, రొయ్యల పెట్టె దించుతూ.

“సచ్చినోడి సంగతి తెల్దు బాబాయ్. నీ ముక్కు మాత్రం ఇరవై రెండు డిగ్రీలే,” అంది నర్గీస్.

విశాఖ చేపల రేవు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రతలు చూసి రాయడం నర్గీస్ పని. వన్‌టౌన్‌లో గడియారాలు బాగుచేసే ఇంటి పిల్ల. కొలిచే పరికరాన్ని వెంటనే నమ్మకూడదని ఆ ఇంట్లో అక్షరాలకన్నా ముందే నేర్పుతారు.

ఆమె చేతిలోని టెంపరేచర్ గన్ దేన్నీ తాకదు. ప్రతి వస్తువూ కంటికి కనబడని వెలుగుగా విడిచే వేడిని పట్టి అంకె చూపిస్తుంది. దూరం జరిగే కొద్దీ ఎక్కువ మేర చూస్తుంది, పక్కవాటిని కలిపేస్తుంది. అందుకే నర్గీస్ దగ్గరికెళ్లి కొలుస్తుంది. బయటి ఉక్కలోంచి తెచ్చిన గన్ చలిలో తప్పు చెబుతుంది. అందుకే ముందుగా దాన్ని మొదటి గదిలో పెట్టి చల్లబరుస్తుంది. గదుల గోడలకున్న స్టీలు వీటన్నిటికన్నా మాయలాడి. మెరిసే రేకు తన వేడి దాచుకుని, అద్దంలా ఎదుటివాళ్ల వేడి చూపిస్తుంది. అందుకని రేకు మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి, ఆ టేపుని కొలుస్తుంది.

ఆ వేళాకోళం జరిగిన కొన్నాళ్లకే, నిరుడు మే నెలలో ఒకరోజు గవర్రాజు భోజనానికి రాలేదు.

“ఇంటికి పోయుంటాడు,” అన్నాడు ఇన్‌చార్జి ఉమామహేష్. రెండో గదికి బయట గడియ పడి ఉంది. లోపల లైటు మాడి వారమైంది. లోపలినుంచి తలుపు తీసే మీట విరిగి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలీదు.

కాసేపటికి అంకెలు రాసుకోడానికి నర్గీస్ ఆ గది తెరిచింది. గోడ రేకు మీది టేపు: మైనస్ పద్దెనిమిది. పక్కనే ఉత్త రేకు: మైనస్ మూడు.

తన ఒంటి వేడే అనుకుంది. తను రేకులో పడకుండా పక్కకి జరిగి వాలుగా గురిపెట్టింది. అంకె తగ్గాల్సింది పోయి పెరిగింది: మైనస్ ఒకటి.

“గన్ సల్లబడ్నేదేమో,” అన్నాడు గుమ్మంలోంచి ఉమామహేష్.

“సల్లబడింది సార్. ఈ గదిలో ఇంకెవరో ఉన్నారు.”

“ఊరికే బెదిరించకమ్మా.”

రేకు మీద పడ్డ గన్ చూపు ఏ మూలకి తిరుగుతుందో లెక్కేసుకుని, ఆ మూలకి ఫోన్ టార్చి వేసింది. పెట్టెల గుట్ట వెనక గవర్రాజు కూర్చుని ఉన్నాడు. కనురెప్పల మీద మంచు. కోటు, చొక్కా గుండీలన్నీ విప్పేసుకున్నాడు. చలి ముదిరితే మనిషికి ఉక్కపోసినట్టుంటుందట. ఆ ఉత్త ఛాతీయే రేకులో వెచ్చగా తగిలింది.

బతికాడు. దర్గాలో ఫాతెహా ఇప్పించమన్నారు కొందరు, అమ్మవారికి చీర పెట్టమన్నారు ఇంకొందరు. అంతా దైవకృప అన్నాడు ఉమామహేష్. మీట బాగుచేయించని మనిషికి దైవకృప చాలా సుఖమైన మాట.

గవర్రాజు మళ్లీ పనిలోకొచ్చాడు గానీ, ఆమె గన్ ఎత్తితే పక్కకి తప్పుకుంటాడు. “నా మీద పెట్టకే పాపా. ఎంతుందో నాకు సెప్పకు.”

ఇప్పుడు గడియ వేసేముందు ప్రతి గదిలో నర్గీస్ టేపు కొలిచి, ఆపైన ఉత్త రేకుని నాలుగు వైపులనుంచి వాలుగా కొలుస్తుంది. టేపు తనే కొంటుంది. మూడు చుట్టలకి నలభై ఐదు రూపాయల బిల్లు ఉమామహేష్‌కి ఇచ్చి ఏడు నెలలైంది. డబ్బు ఇంకా రాలేదు.