డేగ కారు, తోడేలు కారు, మా మామ

నేను డిగ్రీ ఎలాగో గట్టెక్కి, ఉద్యోగం దొరికేదాకా అనే పేరుతో మా మామ పలకల ఫ్యాక్టరీ ఆఫీసులో కుర్చీ వెచ్చబెడుతున్న ఆ రోజుల్లో, మార్కాపురంలో ఎవరైనా కొత్తగా ఏదైనా కొంటే బాగుందనడానికి ముందు ఎందుకు కొన్నాడని ఆరా తీసేవాళ్ళు. (ఇప్పుడూ అంతే. కాకపోతే ఇప్పుడు ఫోన్లో ఆరా తీస్తున్నారు.) అలాంటి ఊళ్ళోకి మా మామ, అంటే మా అమ్మకు అన్న (మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం), యాభై దాటిన వయసులో బెంగళూరు నుంచి ఎర్రటి స్పోర్ట్స్ కారు తెచ్చాడు. ముందు డేగ బొమ్మ, లోపల రెండే సీట్లు, కింద చూస్తే నేలకు జానెడు ఎత్తు. మా వీధి మలుపులో స్పీడ్ బ్రేకర్ దాటించడానికి ఫ్యాక్టరీ నుంచి చెక్కలు తెచ్చి పరిచేవాళ్ళం. వీధంతా నిలబడి చూసేది. మా అత్త మాత్రం గడప దాటలేదు. "ఇంట్లో ఇంతమందిమి ఉంటే రెండు సీట్ల కారేంది అల్లుడూ? ఆ రెండో సీటు ఎవరికంట?" అని నన్నడిగింది.

ఏడాది తిరక్కముందే మామ ఆ డేగను అమ్మేసి, ఇంకో కంపెనీ కారు తెచ్చాడు. ఇది పసుపు రంగు. ముందు తోడేలు బొమ్మ. తలుపులు పక్కకు కాకుండా పైకి లేస్తాయి. ఎందుకు మార్చావని అడిగినవాళ్ళందరికీ "దాంట్లో పికప్ లేదు" అని ఒకే మాట చెప్పాడు. బర్రెలకూ ఆటోలకూ దారిస్తూ రెండో గేరు దాటని కారుకు పికప్ ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. టీ దుకాణంలో కొందరు ఇన్‌కమ్ ట్యాక్స్ గొడవ అన్నారు, కొందరు జాతక దోషం అన్నారు. మా అవ్వ అయితే, "ఇంటి ముందర తోడేలు ఏందిరా, ఆ డేగే నయం గదా" అని రెండు రోజులు బయటి అరుగు మీద కూర్చోలేదు.

అత్త అనుమానం మాత్రం ఇంకో దారిలో పోయింది. ఒక మధ్యాహ్నం నన్ను వంటింట్లోకి పిలిచి, పప్పు తాలింపు వేస్తూనే, గొంతు తగ్గించి చెప్పింది.

"మీ మామ ఆదివారం ఆదివారం త్రిపురాంతకం గుడికని పోతున్నాడు. వచ్చేటప్పటికి తెల్లప్యాంటు మోకాళ్ళకు మట్టి, చేతులకు మట్టి. ఏ గుళ్ళో అట్ల మొక్కిస్తారు నాయనా?"

"పొర్లుదండాలేమో అత్తా."

"పొర్లితే వీపుకు అంటదా? అదొక్కటే కాదు. నిన్న ఫోన్లో ఎవరితోనో అంటున్నాడు, 'ముందు కుడికాలే గదా పెట్టాల్సింది' అని. కుడికాలు ముందు ఎవరు పెడతారు? కొత్తిల్లు చేరేవాళ్ళు, కొత్తకాపురానికి వచ్చేవాళ్ళు."

తాలింపు మాడింది. అత్త తాలింపు మాడటం నేను అంతకు ముందు చూడలేదు. ఆదివారం లోపల సంగతి తేల్చకపోతే దర్శిలో ఉన్న వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళిపోతాననీ, మళ్ళీ రాననీ చెప్పింది. అప్పటికే నేను అపరాధ పరిశోధకుడి స్థాయికి ఎదిగిపోయాను. (ఇంట్లో కనబడని దువ్వెన కూడా వెతకలేనివాడిని.)

ఆదివారం పొద్దున మామ బయలుదేరగానే మా నాయన పాత మోపెడ్ వేసుకుని వెంటపడ్డాను. స్పోర్ట్స్ కారును మోపెడ్ మీద వెంబడించి, మధ్యలో అది వెనకబడితే చింతచెట్టు చాటున ఆగి దాని కోసం ఎదురుచూసిన మనిషి ఈ లోకంలో నేనొక్కడినే అయివుంటాను. ప్రతి గుంత దగ్గరా మామ కారు ఆపి, ఆలోచించి, నమస్కారం పెట్టినంత పని చేసి దాటిస్తున్నాడు. ఊరు దాటాక కారు త్రిపురాంతకం దారి వదిలి, మూతబడిన మా పలకల గని వైపు తిరిగింది. అంటే అత్త అనుమానమే నిజమా? అక్కడ వాచ్‌మన్ గది ఒకటుంది. కిటికీకి పరదా ఏమైనా కట్టారా అని ముందు అదే చూశాను.

రాళ్ళ గుట్ట చాటు నుంచి తొంగిచూస్తే, అక్కడున్నది ఆడమనిషి కాదు. మా ఫ్యాక్టరీ లారీలు బాగుచేసే గ్రీజు భాయ్. చేతులు కట్టుకుని కారు పక్కన నిలబడి, కుర్రాళ్ళకు కసరత్తు నేర్పే మాస్టారులా చెబుతున్నాడు.

"కుడికాలు బయట పెట్టు సేట్. ఆఁ. ఇప్పుడు నడుము తిప్పు. తలుపు పట్టుకోకు, అది పైకి పోతాది. లెయ్."

మామ లేవలేదు. ముందు తల వచ్చింది, తర్వాత చేతులు వచ్చి నేలను ఆనుకున్నాయి, ఆ తర్వాత మిగతా మామ మెల్లగా జారి మట్టిలోకి దిగాడు. అలా నాలుగుకాళ్ళ మీద ఉండగానే తలెత్తి నన్ను చూశాడు. మా ఇంటి హాల్లో సోఫాలో కూర్చున్నవాడి మాదిరే మర్యాదగా పలకరించాడు.

"ఏంది అల్లుడూ, ఇట్ల వచ్చినావు?"

భాయ్ అటు తిరిగి లేని చెమట తుడుచుకున్నాడు.

కాసేపటికి రాతి మీద కూర్చుని మామ అంతా చెప్పాడు. డేగ కారులో గిద్దలూరు పెళ్ళికి పోయినప్పుడు జనమంతా చుట్టూ మూగారట. దిగబోతే నడుము పట్టేసింది. ఫోను వచ్చినట్టు నటించి, పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురినీ కారు దగ్గరికే పిలిపించి, కిటికీలోంచి అక్షింతలు వేసి కారు వెనక్కి తిప్పుకొచ్చాడు. అందరూ గర్వమన్నారు. ఇంటి దగ్గర కూడా జనం పోయేదాకా ఫోను పట్టుకుని కార్లోనే కూర్చునేవాడట. తలుపు పైకి లేచే కారైతే దిగడం తేలికని ఎవరో చెబితే తోడేలును తెచ్చాడు. తలుపైతే లేచింది. మామ లేవలేదు.

"ఇదే మాట అత్తకు చెప్పొచ్చు గదా మామా. ఆమె ఇంకో ఇల్లు పెట్టినావనుకుంటా ఉంది."

మామ చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు. "అట్లనుకున్నా పర్వాలేదు అల్లుడూ. ముసిలోడైనాడు అనుకోగూడదు" అన్నాడు.

నాకు నవ్వు రావలసిన మాట అది. ఎందుకో రాలేదు.

నేను ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఆటో, ఆటోలో అత్త సూట్‌కేసు. "అక్కడ ఆడమనిషి ఎవరూ లేరత్తా" అన్నాను. "మరి మట్టి?" అంది. నేను మోపెడ్‌కు స్టాండ్ వేసే పనిలో పడ్డాను. అత్త నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు గూడా మీ మామ పక్కకు చేరిపోయినావా నాయనా" అంది. అంతలో వెనకనే తోడేలు వచ్చి ఆగింది. ఆదివారం కదా, అరుగుల నిండా జనం. అత్త గడప మీద నిలబడి, "దిగి వచ్చి నా ఎదురుగా చెప్పమను" అంది.

తలుపు పైకి లేచింది. కుడికాలు బయటికి వచ్చింది. మామ ఆటో వైపు చూశాడు, సూట్‌కేసు వైపు చూశాడు, ఇక ఆలోచించలేదు. ముందు తల, తర్వాత చేతులు, తర్వాత మోకాళ్ళు, మా వాకిట్లో అందరి ముందూ మట్టిలోకి దిగాడు.

అత్త ఆ మోకాళ్ళ వైపే చూస్తూ నిలబడింది. ఆమె ముఖంలో కోపం ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. గబగబా మెట్లు దిగి, వీధికంతా వినబడేలా, "మళ్ళా పారేసినారా ఉంగరం? ఎన్నిసార్లు చెప్పినా, వదులుగా ఉండాదని" అంటూ ఆయన పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని మట్టిలో వెతకడం మొదలుపెట్టింది. మామ ఉంగరమున్న చేతిని మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. ఎదురింటివాళ్ళు వచ్చి వెతికారు, ఆటో అతనూ వెతికాడు. అత్త భుజం ఆసరాతో మామ ఎప్పుడు లేచాడో ఎవరూ గమనించలేదు.

తర్వాత తోడేలు కూడా పోయి ఎత్తయిన కారొకటి వచ్చింది. దాన్ని ఎవరూ అనుమానించలేదు, నిలబడి చూడనూ లేదు. మామ కొన్నాళ్ళు అందుకే బాధపడ్డాడు.

ఈ మధ్య మా పెద్దవాడి పట్టు మీద ఇంట్లో లోతుగా కుంగే సోఫా కొన్నాం. కూర్చున్నప్పుడు హాయిగానే ఉంటుంది. లేచే ముందు మాత్రం హాల్లో ఎవరైనా ఉన్నారేమో అని ఒకసారి అటూ ఇటూ చూసుకుంటాను. నిన్న నా భార్య వంటింటి గుమ్మంలోంచి, "ఎందుకట్ల దొంగచూపులు చూస్తాండావు?" అని అడిగింది. పేపరు చదువుతున్నానని చెప్పాను. ఆమె నమ్మలేదు. అయినా లోపలికి వెళ్ళి, నేను లేచి నిలబడేదాకా గిన్నెల చప్పుడు చేస్తూ అక్కడే ఉండిపోయింది.